మడత కందానికి టీకా తాత్పర్యం

మూలము

కం. మడతలు వెట్టెడు గుణమును
విడిపింపఁగఁ గోరునతఁడు వెదకును టూల్సున్
గడు లోపలి యాప్షన్సున
గడి టిక్కును దీసినంతఁ గష్టము దీఱున్

అవతారిక

వ్యాఖ్యాత అన్నవాడు ముందుగా కవి కాలాదులు తేల్చాలి. ఇక్కడ ఆ శ్రమ లేదు. కవి మా ఆఫీసులో నాకు రెండు కుర్చీల అవతల కూర్చుంటారు. డేటాబేసుల మంచిచెడ్డలు చూసేది ఆయనే. అందరం గురువుగారనే పిలుస్తాం కాబట్టి కృతికర్త నామధేయం గురువుగారనే ఉంచుదాం. కాలం ఒక నెలాఖరు రాత్రి, పదకొండు దాటి పది నిమిషాలు. స్థలం మాదాపూర్‌లో ఏసీ కట్టేసిన ఐదో అంతస్తు.

సందర్భం ఇది. ఇన్వాయిసుల టేబుల్లో రెండేసి సార్లు పడిన వరుసలు తీసెయ్యాలి. ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన స్క్రిప్టును ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియోలో తెరిచాను. ‘డిలీట్ ఫ్రమ్ ఇన్వాయిస్’ అని ఒక వరుస, దాని పక్కనే చిన్న పెట్టెలో మూడు చుక్కలు. ‘వేర్’ లేదు. వేర్ లేని డిలీట్ అంటే ఏమిటో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. లేనివాళ్ల కోసం: గదిలో చెత్త ఊడ్చమంటే గదినే ఊడ్చిపారేయడం. గుండె గుభేలుమంది. ఇంత ఘోరం ఎవరు రాశార్రా అనుకుంటూ ఆ వరుస చివర కర్సరు పెట్టి, నా చేత్తో నేనే ఒక వేర్ రాసి, టెస్టు సర్వరు మీద ఎఫ్5 నొక్కాను. 156వ నంబరు ఎర్రర్ వచ్చింది. వేర్ అన్న మాట దగ్గర వాక్యం కుదరలేదట. రాసిందే ఒక్క వేర్, దానికీ వంకేనా అని పావుగంట కొట్టుకున్నాక, ఎడమ పక్కనున్న ప్లస్ గుర్తు కంటబడింది. నొక్కితే వరుస కింద ఇంకో నాలుగు వరుసలు విచ్చుకున్నాయి. అసలు వేర్ అందులో నిక్షేపంగా ఉంది. నేను రాసింది రెండోది.

ఆ మడత పెట్టిందెవరంటే నేనే. స్క్రిప్టు తెరవగానే వరుసను ఎంచుకుందామని ఎడమ అంచున మౌసు నొక్కాను. అక్కడే, వేలెడు కూడా ఎడం లేకుండా, మైనస్ గుర్తు కాచుకుని ఉంది.

“ఈ మడతల్ని శాశ్వతంగా పోగొట్టేదెలా సార్?” అని టీము గ్రూపులో పెట్టాను. గురువుగారు ఇంటి నుంచి పై కందం పంపారు. స్క్రీన్‌షాట్ కాదు, లింకు కాదు, కందం. దాని కింద “ఇక ఇంటికెళ్లు” అని ఒక ముక్క. ఆ ముక్క సుబోధం కాబట్టి వ్యాఖ్యానించడం లేదు.

కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన మల్లినాథ సూరి ఇంటిపేరు కొలాచలం. అది మన మెదక్ జిల్లా కొల్చారమే. మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం పాటిస్తే ఈ వ్యాఖ్య ఇక్కడితోనే అయిపోతుంది.

ప్రతిపదార్థము

మడతలు = క్వెరీ వరుసలను కంటికి కనబడకుండ ముడుచుటలను; వెట్టెడు = పెట్టునట్టి; గుణమును = (ఎడిటరు యొక్క) స్వభావమును; విడిపింపఁగన్ = వదలించుటకు; కోరు = ఆశపడు; అతఁడు = ఆ మనుజుఁడు (అనగా రాత్రి పదకొండింటికి ఆఫీసున మిగిలినవాఁడు); టూల్సున్ = పై పట్టీయందలి ‘టూల్స్’ అను మెనూను; వెదకును = గాలించును; కడు = మిక్కిలి; లోపలి = లోతుననున్న; ఆప్షన్సునన్ = ‘ఆప్షన్స్’ అను కిటికీయందు; గడి = చదరపు గడియందలి; టిక్కును = సరిగుర్తును; తీసినంతన్ = తొలఁగించిన మాత్రమున; కష్టము = బాధ; తీఱున్ = పోవును.

తాత్పర్యము

కోడును మడిచే అలవాటును ఎడిటరు చేత మాన్పించాలనుకునేవాడు టూల్స్ మెనూలోంచి ఆప్షన్స్‌లోకి పోయి, బాగా లోపలికి దిగి, ఒక గడిలోని టిక్కు తీసేస్తే చాలు.

విషయం ఇంతే. తొందర ఉన్నవాళ్లు టిక్కు తీసేసి వెళ్లిపోవచ్చు.

విశేషములు

మడతలు. తెలుగువాడికి మడత మీద పగ లేదు. ఇస్త్రీ చొక్కాకి మడత అందం. పూతరేకు మడతలోనే పంచదార, నెయ్యి ఉంటాయి. తాపేశ్వరం కాజా మడతలు మడతలుగా ఉంటేనే పాకం లోపలికి దిగుతుంది. వీటన్నిటిలో సామాన్యధర్మం ఒకటే: మడిచేవాడికి తాను మడుస్తున్నానని తెలుసు. కవి బాధపడుతున్నది ఆ మడతల గురించి కాదు. చెయ్యి జారితే పడే మడత గురించి.

ఈ ఎడిటరు వేటిని మడవచూస్తుందో కాస్త తెలియాలి. మొదటి అంతస్తు, గో అన్న మాటల మధ్యనున్న బ్యాచ్ మొత్తం. రెండోది, బిగిన్ నుంచి ఎండ్ దాకా ఉన్న దిమ్మె. మూడోది, ఒకటికి మించిన వరుసల్లో రాసిన ఏ వాక్యమైనా సరే. నా డిలీట్ ఈ మూడో తరగతిది. వేర్‌ను చక్కగా కింద వరుసలో, ఒక ట్యాబు లోపలికి జరిపి రాయడం మర్యాదని మనకు నేర్పినవాళ్లే దాన్ని మడవడానికి వీలు కల్పించారు. మొత్తం ఒకే వరుసలో కుక్కి రాసే మొరటువాడికి ఈ బెడద లేదు. సత్ప్రవర్తనకు శిక్ష అన్నమాట.

గో గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. సంస్కృతంలో గో అంటే ఆవు. ఇక్కడ బ్యాచ్ అంటే మంద. గో అన్న చోట మంద తెగుతుంది. ఈ అర్థం ఎడిటరు చేసినవాళ్లకు తట్టి ఉండదు, వ్యాఖ్యాత కనుక నాకు తట్టింది. తమాషా ఏమిటంటే గో అన్నది అసలు ఎస్‌క్యూఎల్ భాషలోని మాటే కాదు. సర్వరుకి దాని మొహం తెలీదు. ఎడిటరే దాన్ని చూసి, అక్కడిదాకా ఉన్నది మూటగట్టి సర్వరుకు పంపుతుంది. గో పక్కన 5 అని వేస్తే అదే మందను అయిదుసార్లు తోలుతుంది. గోకి పైన డిక్లేర్ చేసిన వేరియబుల్, గో దాటాక బతికి ఉండదు. అంటే గో అనేది నిజంగా ఏరు దాటడమే. అంత ముఖ్యమైన హద్దు మడత కింద పడిపోతే, ఏది ఏ ఒడ్డున ఉందో తెలియక జనం ఆ వేరియబుల్ ఏదంటూ కేకలు పెడతారు. పెట్టాను కాబట్టి చెబుతున్నాను.

వెట్టెడు. ‘పెట్టెడు’ అనకుండా ‘వెట్టెడు’ అనడం గసడదవాదేశం. ప్రథమ మీది పరుషానికి బహుళంగా వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పాడు. బహుళం కనుక పెట్టెడు అన్నా తప్పు లేదు. మరి కవి పనిగట్టుకుని వకారం ఎందుకు వేసినట్టు? వెట్టిచాకిరి ధ్వనించడానికని నా ఊహ. కూలి లేని చాకిరీ వెట్టే కదా. అయితే వెట్టి చేసేవాడు ఏడుస్తూ చేస్తాడు. ఇక్కడ ఎడిటరు హాయిగానే ఉంది, ఏడుపు చేయించుకున్నవాడిది.

గుణము. ఇది గుణమా, దోషమా? కవి గుణమనే అన్నారు. అమ్మినవాళ్లు కూడా అదే అంటారు. గుణం అనే మాటకు తాడు అని కూడా అర్థం ఉంది. కట్టిపడేస్తుంది కాబట్టి ఆ అర్థమే ఇక్కడ సరి అని ఒక పక్షం.

గుణానికి వంశవృక్షం చెప్పాలి. ఎస్‌క్యూఎల్ 1974లో ఐబీఎం వారి శాన్ హోసే ప్రయోగశాలలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ చేతుల మీద పుట్టింది. అప్పటి పేరు సీక్వెల్. ఆ పేరు మీద వేరే కంపెనీకి ట్రేడ్‌మార్కు ఉందని అచ్చులు తీసేసి హల్లులు మిగిల్చారు. పుట్టుకలోనే పేరు మడత పడిన భాష ఇది. పేరు అంత కురచగా ఉన్నా వాక్యాలు మాత్రం మామూలు ఇంగ్లీషులా సాగాలని వాళ్ల కోరిక. మామూలు మనుషుల వాక్యాలెప్పుడూ పొడుగే.

మా గురువుగారి యవ్వనంలో క్వెరీ ఎనలైజర్ ఉండేది. తెల్లటి కిటికీ, అందులో మీరు రాసింది. మీరు రాసింది మీకు కనిపించేది. ఇంతకుమించి అది ఏమీ ఎరగదు. 2005 కూర్పుతో ఆ ఎనలైజర్‌నీ, పక్కనుండే ఎంటర్‌ప్రైజ్ మేనేజర్‌నీ కలిపి మేనేజ్‌మెంట్ స్టూడియో అన్నారు. 2008 కూర్పులో దానికి ఇంటెల్లిసెన్స్ అని తెలివి వచ్చింది. మన కవి విడిపించుకోదలచిన గుణం ఆ తెలివి గదిలోనే కాపురం ఉంటుంది. ఎనలైజర్ రోజులు తలుచుకుంటే గురువుగారి కళ్లు చెమరుస్తాయి. అది కేవలం వయసు ప్రభావమని కుర్రాళ్లంటారు గానీ నేనూ ఇప్పుడు ఆయన పక్షమే.

గోరునతఁడు. కోరు ప్లస్ అతఁడు. ఉకారాంతమైన తద్ధర్మార్థక విశేషణానికి అచ్చు పరమైతే నుగాగమం. అడగకుండా మధ్యలోకి వచ్చి కూర్చునేది ఆగమం. ఎడిటరు సంగతి చెబుతూ కవి ఆగమసంధి వాడటం యాదృచ్ఛికమేమో. నేను మాత్రం అనుకోను.

వెదకును. నొక్కును అనలేదు, తెరచును అనలేదు, వెదకును అన్నారు. ఈ ఒక్క క్రియలో కవి అనుభవమంతా ఉంది. దారి చెబుతాను, తప్పిపోకుండా రండి. టూల్స్‌లో ఆప్షన్స్. కిటికీ తెరుచుకోగానే ఎడమన చెట్టులాగా కొమ్మలు. అందులో టెక్స్ట్ ఎడిటర్ అన్న కొమ్మ. దాని కింద భాషల వరస, అందులో ట్రాన్సాక్ట్-ఎస్‌క్యూఎల్. దాని కింద జనరల్, ట్యాబ్స్ వగైరా. వాటి పక్కన ఇంటెల్లిసెన్స్. అప్పుడు కుడి పక్కన నాలుగు విషయాలు: ఎనేబుల్ ఇంటెల్లిసెన్స్, అండర్‌లైన్ ఎర్రర్స్, ఔట్‌లైన్ స్టేట్‌మెంట్స్, మ్యాగ్జిమమ్ స్క్రిప్ట్ సైజ్. మూడోదే మనది.

కందంలో ఇన్ని గదులు పట్టవు. కవి మొదటి రెండూ చెప్పి, మధ్యనున్నవన్నీ “కడు లోపలి” అన్న రెండు మాటల్లో మడిచారు. మడతలు తిట్టే పద్యంలోనే మడత! అధ్యాహారం చేసుకోమని పాఠకుడి మీద వదలడం కవులకు చెల్లుతుంది. అధ్యాహారం అంటే లోపించిన పదాన్ని చదువరే తెచ్చుకోవడం. ఎడిటరు పెట్టే మూడు చుక్కలూ అధ్యాహారమే కోరుతున్నాయి, కానీ కవి వదిలింది ఊహిస్తే దొరుకుతుంది, ఎడిటరు వదిలింది దొరకదు. ఆ మూడు చుక్కల మీద మౌసు ఆనిస్తే లోపలున్నది తాత్కాలికంగా చూపిస్తుంది, అది నిజమే. తలుపు కన్నంలోంచి చుట్టాన్ని చూసినట్టుంటుంది. అర్ధరాత్రి డిలీట్ మీద కూర్చున్నవాడు చుట్టాన్ని తలుపు తీసే చూడాలనుకుంటాడు.

ఎడమ అంచున వరుసల నంబర్లు పెట్టుకున్నవాళ్లకు ఇంకో అనుభవం ఉంటుంది. పన్నెండు తర్వాత నలభై ఏడు వస్తుంది. తాళపత్రాలు పరిష్కరించేవారు ఇలాంటి చోట ‘ఇచట గ్రంథపాతము’ అని రాసి కన్నీరు పెట్టుకునేవారు. ఆ ఆకుల్ని చెదలు తిన్నాయి. ఈ ఆకుల్ని తిన్నదెవరూ లేరు. ఉన్నచోటనే ఉన్నాయి, చూపించడం లేదంతే.

గడి. గడి అంటే ఇక్కడ చెక్‌బాక్సు. తెలంగాణ పాఠకులు దొరల గడీ అని శంకించకూడదు. అయినా తెరిపించుకోవడానికి పడిన అవస్థ చూస్తే ఆ శంక నిరాధారమని కూడా చెప్పలేను. పత్రికల వెనక పేజీలో ప్రహేళిక నింపే అలవాటున్నవాళ్లకు గడి అంటే నింపాల్సింది. ఇక్కడ ఖాళీ చేయాల్సింది.

టిక్కు. ఇది దేశ్యమా, తత్సమమా, అన్యదేశ్యమా అన్న చర్చలోకి పోను. గడి టిక్కు అన్న సమాసం వైరి సమాసమని పండితులు ముక్కు చిట్లిస్తారు. ‘చతురస్రస్థ సరిచిహ్నము’ అంటే వాళ్లు తృప్తిపడతారు, అయితే టిక్కు మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఏ టిక్కు తీయాలన్నది ప్రాణప్రదమైన విషయం. “గడి టిక్కును” అని కవి ఏకవచనంలో అన్నారు. అంటే ఒక్కటే. తొందరపాటు మనిషి ఆ గదిలోకి దిగగానే మొదట కనిపించే ఎనేబుల్ ఇంటెల్లిసెన్స్ టిక్కు పీకేస్తాడు. మడతలూ పోతాయి, కాదనను. వాటితో పాటు కాలమ్ పేర్లు సగం టైపు చేయగానే అందించే సాయమూ పోతుంది, తప్పుల కింద పడే ఎర్రగీతలూ పోతాయి. పేనుకు జడిసి జుట్టంతా గొరిగించుకున్నట్టు. ఎర్రగీతలు పోతే పోయాయనేవాళ్లు ఉన్నారు. ఇప్పుడే చేసిన టేబుల్ కింద కూడా ‘ఇది లేదు’ అని ఎర్రగీత పెట్టడం దానికి అలవాటు. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కితే జ్ఞాపకం తాజా చేసుకుని గీత చెరుపుకుంటుంది. మతిమరుపు ముసలివారిని “నాన్నా, పెళ్లయిపోయింది” అని కదిపినట్టు కదపాలి. ఆ మాత్రం ఓపిక నాకుంది. అందుకే తీసింది ఔట్‌లైన్ స్టేట్‌మెంట్స్ ఒక్కటే.

టిక్కు తీసి ఓకే నొక్కాక, అప్పటికే తెరిచిన కిటికీని మూసి కొత్తది తెరవడం మంచిది. పాత కిటికీలో ప్లస్‌లు, మైనస్‌లు ఉన్నాయేమిటని మళ్లీ గ్రూపులో అడిగితే గురువుగారు సీసపద్యం పంపగలరు.

శంకలు, సమాధానాలు

మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు పద్యం చూసి, “అన్నా, మడిచిన కోడు నడవదు కదా, మరి దానివల్ల భయమేంటి?” అన్నాడు. ఇది చాలామందికి ఉన్న భ్రమ. నడుస్తుంది. ఏమీ ఎంచుకోకుండా ఎఫ్5 నొక్కితే కిటికీలో ఉన్నదంతా పోతుంది, మడతలో ఉన్నది సహా. మడత పడ్డ వరుసను ఎంచుకుని కాపీ కొట్టినా లోపలున్నదంతా వస్తుంది. రొంటిన దోపుకున్న రూపాయి కనబడకపోయినా చెల్లుతుంది. నడవకుండా ఆపాలంటే ముందు రెండు గీతలు పెట్టి కామెంటు చేయాలి. అది కట్టెయ్యడం. మడత కేవలం ముసుగు వెయ్యడం. ముసుగు మన కళ్లకే, సర్వరు కళ్లకి కాదు.

వాడు ఊరుకోలేదు. “మరి టిక్కు దాకా ఎందుకన్నా, విజువల్ స్టూడియోలో కంట్రోల్ ఎమ్ రెండుసార్లు కొడితే మడత పడుతుంది, మళ్లీ కొడితే విప్పుకుంటుంది. ఇదీ వాళ్లదేగా?” మంచి ప్రశ్న. ఇక్కడే శ్లేష ఉంది. విజువల్ స్టూడియోలో మడతకు వాడే ఆ కంట్రోల్ ఎమ్, మేనేజ్‌మెంట్ స్టూడియో క్వెరీ కిటికీలో యాక్చువల్ ఎగ్జిక్యూషన్ ప్లాన్ చూపమనే ఆజ్ఞ. ఒక శబ్దం, రెండు అర్థాలు. ఒకచోట దాచమని, ఇంకోచోట సర్వరు నిజంగా ఏ దారిన పోయిందో బయటపెట్టమని. వాడు అలవాటు కొద్దీ కొట్టిన కంట్రోల్ ఎమ్ వల్ల ఆ వారమంతా వాడి ఫలితాల పక్కన ప్లాను బొమ్మలు వస్తూనే ఉన్నాయి. వాడు అవి సర్వరు ప్రేమతో పంపుతోందనుకున్నాడు. ఒక్క ఫైలులో మడతలన్నీ తిప్పాలంటే ఎడిట్ మెనూలో ఔట్‌లైనింగ్ అన్న ఉపమెనూ ఉంది, దానితో సరిపెట్టుకోవచ్చు. అది ఉపశమనం. కవి చెప్పింది చికిత్స.

ఇతర ఎడిటర్ల సంప్రదాయాల వారికి ఒక మాట. విమ్‌లో 2001 నాటి 6.0 కూర్పు నుంచి మడతలున్నాయి. జెడ్, ఐ అన్న రెండక్షరాలతో మొత్తం వ్యవహారం ఆపొచ్చు, మళ్లీ తేవొచ్చు. విఎస్ కోడ్‌లో ఎడిటర్ ఫోల్డింగ్ అన్న సెట్టింగుకు ఫాల్స్ అని రాస్తే చాలు. అక్కడ వెదకడం తక్కువ కాబట్టి కందాలు కూడా తక్కువ.

అలంకారము

విరోధాభాసం. లేనట్టుండి ఉన్నది, ఉన్నట్టుండి లేదు. నా మొదటి వేర్ లేదనిపించి ఉంది. నేను రాసిన రెండోది ఉండి కూడా పనికిరాలేదు. కాదు, భ్రాంతిమదలంకారమే అని కొందరు: మడతను లోపంగా భ్రమించడం. తాడును పామనుకోవడం పాత ఉదాహరణ. పూర్తి డిలీట్‌ను మొండి డిలీట్ అనుకోవడం కొత్తది. రెంటికీ చెమట పట్టడం సమానం.

అసలు నాకు తోచే మాట వేరే ఉంది. మన వ్యాకరణంలో మడతకు పేరు సమాసం. నాలుగు పదాలు ఒకటిగా ముడుచుకుంటే సమాసం, దాన్ని విప్పి చెబితే విగ్రహవాక్యం. మన పూర్వులు ఎంత పొడుగు సమాసం చేసినా, దాన్ని విప్పే బాధ్యతను ఇంకొకరి మెడకు కట్టి మరీ చేశారు. విప్పేవాడికి వ్యాఖ్యాత అని పేరు పెట్టారు. గౌరవించారు, అప్పుడప్పుడు అగ్రహారాలూ ఇచ్చారు. కవి ముడుస్తాడు, వ్యాఖ్యాత విప్పుతాడు, మధ్యలో చదువరి సుఖపడతాడు. ఈ ఎడిటరులో ముడిచేదీ విప్పేదీ ఒకటే గుర్తు, ఒకటే నొక్కు. ముడిచినప్పుడు చదువరికి కబురు ఉండదు. వేర్ అనే విశేషణాన్ని డిలీట్ అనే క్రియ నుంచి విడదీసి దాచే సమాసం ఏ వ్యాకరణంలోనూ లేదు. అర్థాన్ని మార్చే పదాన్ని మడవకూడదన్నది ఎవరూ సూత్రంగా రాయలేదు, రాయక్కర్లేదనుకుని ఉంటారు.

పాఠాంతరము

వ్యాఖ్య ఇక్కడ ముగియాల్సింది. కానీ తరువాతి వారం ఒక చిక్కు వచ్చింది.

మేం ప్రొడక్షన్ పనులకు వాడే యంత్రంలో అందరికీ ఒకటే లాగిన్. ఎడిటరు సెట్టింగులు లాగిన్‌ను బట్టి ఉంటాయి. నేను కందం ఇచ్చిన ఊపులో అక్కడ కూడా టిక్కు తీసేశాను. మా టీములో నాలుగు వేల వరుసల ప్రొసీజరు ఒకటి ఉంది. దాని బరువంతా ఒక మేడమ్ గారు మోస్తున్నారు. ఆవిడ ఆ నాలుగు వేల వరుసలను బిగిన్, ఎండ్‌ల ప్రకారం మడిచి, పని ఉన్న దిమ్మె ఒక్కటీ విప్పుకుని, నిమిషంలో తప్పు పట్టుకుంటారు. సోమవారం పొద్దున ఆవిడ యంత్రం తెరిచేసరికి నాలుగు వేల వరుసలూ ఆరుబయట ఆరేసినట్టున్నాయి.

“ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది?” అని గ్రూపులో అడిగారు. నేను మౌనం వహించాను. గురువుగారు పది నిమిషాల తర్వాత ఈ పాఠం పంపారు:

కం. మడతలు వెట్టెడు గుణమును
విడువక తాఁ గోరునతఁడు వెదకును టూల్సున్
గడు లోపలి యాప్షన్సున
గడి టిక్కును బెట్టినంతఁ గష్టము దీఱున్

యతి చెడలేదు. రెండో సగంలోని ఆరో గణం మొదటి పాఠంలో జగణమే, ఇందులోనూ జగణమే. విడిపింపఁగ పోయి విడువక తాఁ వచ్చింది, తీసి పోయి పెట్టి వచ్చింది. మిగతా అంతా అక్షరం కదల్లేదు. ‘గోరునతఁడు’ అన్నారు, నేను ‘అతఁడు’ కాదే అని మేడమ్ అభ్యంతరం చెప్పారు. న్యాయమే. ‘ఆమె’ అన్నా గణం చెడదు. పాత పాఠానికి లొంగిన పుంలింగం అని సమాధానం చెప్పుకోవాలి. ఆవిడ చెప్పుకోలేదు.

ఒకే కవి రెండు పరస్పర విరుద్ధ పాఠాలిచ్చినప్పుడు కవిసమ్మతమైనది ఏదని వ్యాఖ్యాత నిర్ణయించాలి. గురువుగారి కుర్చీ దగ్గరికి వెళ్లి అడిగాను.

“ముందు ఆ యంత్రంలో మీ ఇద్దరికీ వేర్వేరు లాగిన్లు అడగండి నాయనా” అన్నారు.

అది వచనంలో అన్నారు కాబట్టి దానికి వ్యాఖ్య రాయలేదు.